మూడు పదికి డోన్ గూడ్సు

స్వతంత్రం వచ్చిన మరుసటేడు, అక్టోబరు.
నాకు పద్నాలుగు. గుంతకల్లు లోకోషెడ్డులో కాల్‌బాయ్‌ని.
అంటే, ఊరు పండుకున్నాక డ్రైవర్ల తలుపులు కొట్టి
కాల్‌బుక్కులో సంతకం తీసుకునేవాణ్ణి.
ఒక చేత లాంతరు, చంకలో బుక్కు,
వెనకాల రెండు కుక్కలు.

ఆ రాత్రి వన్నూరప్ప తలుపు కొట్టే పనే పడలేదు.
గార్డు పింటో ఇంటి అరుగు మీద ఉన్నాడు,
లారీ బ్యాటరీకి తగిలించిన రేడియోకి చెవి అప్పగించి.
రేడియోలో వాన కురుస్తాంది.
వాన లోపల ఎవడో అరుస్తాన్నాడు.

"ఏం ఆటప్పా ఇది?"
"బేస్‌బాలు. జీతానికి ఆడతారు, మన మాదిరి."
అగ్గిపుల్లలు పరిచి చూపించినాడు పింటో:
"కట్టెతో కొట్టి ఉరకాల. ఇది ఒకటో మూల, ఇది రెండు, ఇది మూడు.
నాలుగోది ఇల్లు. యాడ బయలుదేరినాడో ఆడికే రావాల."
"మద్దికెర, పెండేకల్లు, డోన్," అన్నాడు వన్నూరప్ప
ఒక్కొక్క మూలా వేలితో తాకి,
"మళ్ళ గుంతకల్లు. నేను రోజూ ఆడేదే కదప్పా."

ఆ నాలుగు మూలల్నీ కలిపి వజ్రం అంటారంట.
వన్నూరప్పది తుగ్గలి. నవ్వాపుకోలేకపోయినాడు.
"తొలకరి పడితే చాలు, మా అమ్మ
చేన్ల వెంబడి నడుం వంచి వజ్రాలు ఎతుకుతాది.
ముప్పై ఏండ్లు. ఒక్కటీ కండ్లబడలే.
వీళ్ళు దాని మీదనే ఉరుకుతాండారా!"

ఆఖరి ఆట. లెక్క సమం.
మూడో మూలలో ఒకడు, సిగ్నల్ పడని బండి మాదిరి,
రవ్వంత ముందుకు, రవ్వంత వెనక్కి.
బంతి విసిరేవాని కన్నుగప్పి ఇల్లు దొంగిలిస్తాడేమో అన్నాడు పింటో.
"దొంగతనానికి కేసు పెట్టరా?"
"చప్పట్లు కొడతారు."
గంపెడు బొగ్గు ఎత్తుకపోయి షెడ్డు పని పోగొట్టుకున్న
తమ్ముడు సుంకన్న మతికొచ్చినాడేమో,
వన్నూరప్ప కాసేపు మాట్లాడలేదు.

ఒకటీ నలభై. బుక్కు చాపినాను.
సంతకం గీత దాటి పక్క డ్రైవరు గడిలోకి పోయింది.
"ఒరే, వాడు ఇల్లు చేరింటే యార్డు చివర పచ్చదీపం చూపు.
చేరకపోతే ఏమీ చూపొద్దు.
ఎర్రది మాత్రం ఎత్తొద్దు నాయనా,
బండి నిలబడిపోతాది."

ఆయన పోయిన నాలుగు నిమిషాలకు
జనం ఒక్కసారి లేచిన హోరు.
ఆపైన వాన. ఆపైన బ్యాటరీ చచ్చింది.
లేచింది చేరినందుకా, చేరనందుకా?
పింటో భుజాలెగరేసి తన గార్డు లాంతరు నా చేతికిచ్చినాడు.

ఇంకా ఆరు తలుపులున్నాయి.
ఒక తలుపు కాడ చేరినాడు అనుకున్నాను,
తర్వాతి తలుపు కాడ లేదు అనుకున్నాను.
ఆరో తలుపులో ఎవరూ లేరు.

మూడు పదికి ముందు పొగ వచ్చింది, తర్వాత ఇంజను.
సగం బయటికి వంగి వన్నూరప్ప,
నిప్పుల వెలుగులో సగం మొఖం.
పొట్టిగా ఒక విజిలు, అడిగినట్టు.

పచ్చ అద్దం తిప్పినాను.

మద్దికెర దాకా విజిలు వేస్తానే పోయినాడంట.
కారణం లేని విజిలు, అని రాసినారు రిపోర్టులో.
రెండు రూపాయలు ఫైను.

నెల తర్వాత పింటో మద్రాసు పేపరొకటి పట్టుకొచ్చినాడు,
చేపల జిడ్డుతో.
"ఇందులో పడింది. చదవనా?"
నాలుగు తలుపులు కొట్టాల్సినవి ఉన్నాయని
లేచి వచ్చేసినాను.
ఆ రోజు నాకు సెలవు. పింటోకీ తెలుసు.