ఖాళీని కూడా

డెన్మార్క్ పడవ రెండు రోజులు ఆలస్యం.
గాలి తగ్గాక క్లాక్స్‌విక్ రేవులో
ఉప్పుచేపల పెట్టెల మధ్యనుంచి
అరచేతంత అట్టపెట్టె ఒకటి దిగింది.
ఐదువందల జీబీ.
కోటు జేబులో పెట్టుకుని కొండెక్కాను.

సున్‌వోర్ తలుపు తీసి "ఇంతేనా?" అంది.
ఇంతే. నీ నలభై లాంటివి ఇందులో పన్నెండు పడతాయి,
ఇంకా చెయ్యి కడుక్కునేంత చోటు మిగులుతుంది.

తొమ్మిదేళ్లు ఆ నలభైలోనే నెట్టుకొచ్చింది.
స్వెట్టర్ల నమూనాలు, గొర్రెల ఫోటోలు,
ఉన్ని కొన్నవాళ్ల బాకీలు.
కొత్తది ఏదొచ్చినా పాతది ఒకటి గడప దాటాల్సిందే.
ఏ తేదీన ఏది చెరిపిందో
ఒక నోటుబుక్కులో రాసుకునేది.
చెరిపేసినవాటికి పద్దు రాసే మనిషిని
నేనింకెక్కడా చూడలేదు.

మూత విప్పితే
ఫ్యాను చుట్టూ ఉన్ని,
తెల్లది, బూడిదది, కాస్త గోధుమరంగు.
తనకూ ఒక స్వెట్టరు అల్లుకుంటోంది నీ కంప్యూటరు, అన్నాను.
ఆమె నవ్వలేదు.

పాత డిస్కును కొత్తదాని పక్కన పడుకోబెట్టి
కాపీ మొదలెట్టాను.
సెక్టారు తర్వాత సెక్టారు, ఒకటీ వదలకుండా.
పాతది మధ్యమధ్య టిక్కుమంటోంది,
మోకాళ్లు పట్టేసిన మనిషి మెట్టెక్కినట్టు.
మూడు శాతం.
ఆమె కాఫీ పెట్టింది.
తొమ్మిది శాతం.
కిటికీ మీద వాన అడ్డంగా కురుస్తోంది.
మా దీవిలో వాన నిలువుగా కురిస్తే ఆ రోజు పండగే.

"ఖాళీగా ఉన్న చోట్లను కూడా కాపీ చేస్తుందా?"
చేస్తుంది. ఏది నిండో ఏది ఖాళీయో దానికి తెలీదు.
"మరి చెరిపేసినవి?"
చెరపడమంటే తలుపు మీది పేరు పీకెయ్యడం.
వేరెవరో వచ్చి దిగేదాకా
లోపలి మనిషి లోపలే ఉంటాడు.

అనకుండా ఉండాల్సింది.
లేచి వెళ్లి నోటుబుక్కు తెచ్చింది.
ఒక పంక్తి మీద వేలు పెట్టింది.
*రెండువేల నాలుగు, మార్చి రెండు.
మాలన్ పిన్ని, కుట్ల లెక్క, నాలుగు నిమిషాలు.
పన్నుల సాఫ్ట్‌వేరుకు చోటు చాలక.*

చూపు తగ్గాక మాలన్
కుట్లు పైకి లెక్కపెడుతూ అల్లేది.
ఒక సాయంత్రం ఆ గొంతును మైకులో పట్టింది సున్‌వోర్.
"మళ్లీ పట్టుకోవచ్చులే అనుకున్నా."

మూడింటికి, ఇంకా చీకటే,
నూరు శాతం.
కొత్త డిస్కు ఖాళీలోకి వెతికే ప్రోగ్రామును దింపాను.
సూది జారిపోయిన చాప మీద
అరచేత్తో తడుముతాం చూడండి, అలా.

దొరికింది.
ఒకటి, రెండు, మూడు,
కుర్చీ కిర్రుమంది,
ఎవరో పిల్లిని కసిరారు,
పదిహేను, పదహారు, పదిహేడు,
ఆపైన బరబరమని రొద.
పద్దెనిమిది ఉండాల్సిన చోట
ఆ ఏటి పన్నుపత్రం
కాళ్లు బారజాపుకుని కూర్చుంది.

ఏమనాలో తోచక అడిగాను:
ఎంత కట్టావు ఆ ఏడాది?
"వాళ్లే నాకు తిరిగిచ్చారు," అంది. "కొంచెం."

తర్వాత కొత్త సిస్టమ్ ఎక్కించాను.
అల్లిక ప్రోగ్రాము దానికి సరిపడలేదు, నడవనంది.
కానీ పాతదానికి
ఆమె పేరులో ఒక అక్షరం నోరు తిరిగేది కాదు,
ఇన్నేళ్లూ అక్కడ ప్రశ్నార్థకం పెట్టి పిలిచింది.
కొత్తది మొదటిసారే సరిగ్గా రాసింది.
తెర మీద తన పేరును
ఎవరిదో అన్నట్టు చూసింది సున్‌వోర్.

నాలుగువందల పైచిలుకు జీబీ ఖాళీ.
కొత్తింట్లో పాత గిన్నెల్లా
ఆమెవన్నీ ఒక మూలకు ఒదిగాయి.
ఇదంతా నీదే, అని ఆ తెల్లటి పట్టీ చూపించాను.
"నాలుగు నిమిషాలకు ఎంత కావాలి?"
నాలుగు ఎంబీ, అన్నాను. మహా అయితే ఐదు.

బూట్లు తొడుక్కుంటుంటే
లోపల మళ్లీ ఒకటి, రెండు.
కుర్చీ. పిల్లి. పదిహేడు.
రొద రాకముందే ఆపేసింది.
తలుపు సందులోంచి చూశాను:
నోటుబుక్కులో ఆ పంక్తిని
సగం వరకే కొట్టేస్తోంది.

కొండ దిగుతూ మెట్లు లెక్కపెట్టాను,
ఎన్నడూ లేనిది.
మధ్యలో ఎక్కడో తప్పాను.
వాన ఇంకా అడ్డంగానే ఉంది.