ఊఁ

నా పని పట్టుకోవడం.
సూదులు డాక్టర్ టోంకా గుచ్చుతుంది.
నేను అరచేతిలో గడ్డం ఆనించి
పిల్ల నిద్రపోయేదాకా కదలకుండా కూర్చుంటాను.

షిబెనిక్‌లో నవంబరు. కొండ దిగివచ్చిన గాలి
రేవు మీది రేకుల్ని ఒకటే బాదుతోంది.
ఊరందరికీ బాబాయైన షీమె
అరటిపళ్ళ అట్టపెట్టెలో ఎనిమిదింటిని తెచ్చాడు.
ఆరువారాల డాల్మేషన్ పిల్లలు,
మచ్చలు ఇంకా సగమే తేలాయి,
పాలమీద మిరియాలు చల్లినట్టు.

నడినెత్తిన ఒకటి, చెవి వెనక ఒక్కొక్కటి,
వెంట్రుకంత సూదులు మూడు.
చెవిలో పసుపు స్పాంజి బిరడా.
టిక్ టిక్ టిక్ టిక్
యంత్రం కథ మొదలుపెడుతుంది.
తెరమీద గీత లేస్తుంది,
చీమలపుట్టలంత గుట్టలు, వరసగా.
పిల్ల గుర్రుపెడుతూనే ఉంటుంది,
లోపల ఎవరో నిద్రపోకుండా
ఊఁ కొడుతున్నారన్నమాట.

ఎడమ ఉంది, కుడి ఉంది, అంటుంది టోంకా.
నేను ఒంటిచేత్తో రాస్తాను.
మూడోదానికి కుడి ఒక్కటే.
"ఒకటి చాలు," అన్నాడు షీమె,
నలభై ఏళ్ళు ఓడలకు రివెట్లు కొట్టి
ఎడమచెవిని అక్కడే వదిలేసి వచ్చినవాడు.
ఆయనతో మాట్లాడాలంటే కుడిపక్కకి వెళ్ళాలి.

ఏడోది బుద్ధిమంతురాలట.
ఉరిమినా ఏడవదు,
మూకుడు జారిపడ్డా లేవదు,
పెంకిదాని తోబుట్టువులందరిలో
దీనికే నెమ్మది, అని మురిసిపోతూ అందించాడు.

గీత సాపుగా పోయింది.
టోంకా బిరడా తీసి మళ్ళీ పెట్టింది.
సూది సవరించింది. చప్పుడు పెంచింది.
రెండో చెవి.
గీత సాపుగా పోయింది.

బిరడా సందులోంచి
టిక్ టిక్ నాకు మాత్రం వినిపిస్తూనే ఉంది,
తలుపు తీయని ఇంటిముందు
తపాలామనిషిలా, ఇంకోసారి, ఇంకోసారి.

షీమె టోపీ తీశాడు, పెట్టుకున్నాడు.
"నాకూ గుచ్చండి ఆ సూదులు.
నా ఎడమది చూడండి,
నాకు తెలియకుండా ఊఁ కొడుతోందేమో."
టోంకా నవ్వబోయి
సూదుల పళ్ళెం కడగడానికి వెళ్ళింది.

నేను చెయ్యి తీశాను.
వెచ్చదనం పోగానే లేచింది పిల్ల,
నా నోరు కాదు, వేళ్ళు చూసింది.

కాగితంలో ఒక గడి మిగిలింది.
"దీని పేరేమని రాయను?" అన్నాను.
తొందరలో ఎడమపక్కన నిలబడ్డాను.
ఆయన పలకలేదు.
కోటు గుండీలు విప్పుతున్నాడు,
దాన్ని లోపల పెట్టుకోవడానికి.