ఆర్డిస్ పసుపు కార్డు

డులూత్‌లో ఏప్రిల్ అంటే ఇంకా మంచే.
కిటికీ అవతల సరస్సు మీద
ఖనిజం ఓడ ఒకటి, వంతెన లేచేదాకా
కూత పెడుతూ ఆగింది.
అడిగి లోపలికి వచ్చే మర్యాద
ఓడకైనా ఉంది.

నేను అడగలేదు.
పదిన్నరకి వస్తానంది కైసా లాంపినెన్.
పది ఇరవైకే ఆమెను తెరిచేశాను.
ఆమె రికార్డును, అనాలి. నోరు తిరగలేదు.

రెండేళ్ళ మార్కులు. ఫీజు బాకీ. కెమిస్ట్రీ రెండుసార్లు.
పోయిన అక్టోబరులో అన్ని సబ్జెక్టుల నుంచీ
ఒకే రోజున విరమణ,
కారణం దగ్గర ఒక్క మాట: వైద్యం.
దాని పక్కన చిన్న బాణం గుర్తు.
నొక్కితే విచ్చుకుంటుంది.
నొక్కాను.

నేను చేరిన కొత్తలో
రిజిస్ట్రార్ ఆఫీసు నేలమాళిగలో ఆర్డిస్ ఉండేది,
బీరువా తాళంచెవి మెడ గొలుసుకి వేలాడుతూ.
ఫైలు కావాలంటే పసుపు కార్డు నింపాలి:
పేరు, తేదీ, ఎందుకు.
ఓసారి ఆ మూడో గడిలో 'ఊరికే' అని రాశాను.
కళ్ళజోడు పైనుంచి చూసి కార్డు వెనక్కి తోసింది.
"ఊరికే అయితే, ఫైలు కూడా
ఊరికే అక్కడే ఉంటుందిలే."

అలాగని ఆ బీరువా గొప్పదేం కాదు.
ఫైలు మెట్లెక్కి పైకి రావడానికి మూడు రోజులు.
ఆ మూడు రోజుల్లో ఒక కుర్రాడు
హాస్టలు ఖాళీ చేసి బస్సెక్కేశాడు.
వాడికి రావాల్సిన గ్రాంటు కాగితం
ఆ ఫైల్లోనే ఉంది.
తెర ఉండుంటే ఆపేదాన్ని.
ఇదీ నిజమే. దీన్ని ఎటు సర్దాలో
ఇప్పటికీ తెలీదు.

కైసా వచ్చింది. ఉన్ని చేతొడుగులు తీసి
ఒళ్ళో ఒకదానిమీదొకటి పేర్చుకుంది.
"మీకొక సంగతి చెప్పాలి" అంది.
బస్సులో సాధన చేసుకున్న గొంతు.
"పోయినేడు అక్టోబరులో..."
అయ్యో అన్నాను.
ఒక వాక్యం ముందుగా అనేశాను.

ఆగిపోయింది.
నా మొహం చూసింది, తర్వాత మానిటర్ వీపు చూసింది.
"ఐతే మీకు తెలుసు."

చెప్పుకోవడానికి వచ్చిన పిల్లకి
చెప్పడానికేమీ మిగల్చలేదు నేను.
మన భాషలో చూడడం వేరు, చూసుకోవడం వేరు.
నాకు జీతం రెండోదానికి.
పాస్‌వర్డు మొదటిదానికి.

తెర ఆమె వైపు తిప్పాను. ఇంకేం చెయ్యాలో తోచక.
అడుగున చిన్న అక్షరాల్లో, తెరిచినవాళ్ళ జాబితా:
వకుళ జె., పది ఇరవై.
నాకంటే ముందు పదకొండు పేర్లు.
ఆమె ఎరిగినవి రెండు.
"హాకీ ఆఫీసు నుంచి ఎవరో..." అని వేలు పెట్టింది,
"నేను స్కేటింగ్ కూడా ఎరగను."

వాళ్ళంతా ఎందుకు చూశారని అడిగింది.
ఆ జాబితాలో పేరుంది, తేదీ ఉంది,
మూడో గడి లేదు.

ఓడ లోపలికి వచ్చేసినట్టుంది,
వంతెన కింద నుంచి బదులు కూత.
బల్ల మీది పసుపు నోటు చీటీ ఒకటి చింపి
నా పేరు రాశాను. తేదీ వేశాను.
ఆ పక్కన పెన్ను ఆగింది.

కైసా చేతొడుగులు వేసుకోకుండా
కూర్చునే ఉంది, ఏం రాస్తానా అని.