తాళాల కొట్టుకు తేనెటీగ పేరు

పోర్తోలో, నదివైపు జారిపోయే వీధి మలుపులో
బెల్మీరో తాళాల కొట్టు.
గుమ్మం మీద తుప్పు పట్టిన రేకు తేనెటీగ.

తేనెకీ తాళానికీ ఏం చుట్టరికమని
చేరిన రోజునే అడిగాను.
నవ్వి, సొరుగులోంచి పాత టెలిఫోన్ డైరెక్టరీ తీశాడు.
"అబేల్యా అంటే మా భాషలో తేనెటీగ.
నాన్న ఆ పేరు పెట్టింది తీపి కోసం కాదు,
పుస్తకంలో మొదటి వరుస కోసం.
మూడేళ్లు మేమే ముందు.
తర్వాత వెనకవీధివాడు 'అబా' అని తెరిచాడు,
అక్షరక్రమంలో మాకంటే ఒక్క మెట్టు పైన.
అబా అంటే టోపీ అంచు.
టోపీ అంచుతో ఏ తలుపూ తెరుచుకోదు గానీ
ఆ ఏడాది ఫోన్లన్నీ వాడికే మోగాయి."

ఇప్పుడా పుస్తకం లేదు, సెర్చ్ ఇంజన్ ఉంది.
దాని ముందు వరుసలో బెల్మీరోని కూర్చోబెట్టడం నా ఉద్యోగం.
వారానికి రెండు వ్యాసాలు,
జీతంతో పాటు మధ్యాహ్నం సూపు.

మొదటిది బడిలో నేర్పినట్టే రాశాను:
ఈజిప్టు కొయ్య తాళాలతో ఎత్తుకుని
రాజులూ కోటలూ దాటుకుంటూ
ఎనిమిదో పేరాలో ఆయన ఫోన్ నంబరు.
నాలుగో పేజీలో తేలాం.
నాలుగో పేజీ అంటే శ్మశానం కూడా కాదు,
దాని వెనక తుప్పలు.

రెండోది మరీ ఘోరం.
'పోర్తోలో నాణ్యమైన తాళాల సేవ' అన్న ముక్కని
ఇరవై ఆరుసార్లు కుక్కాను, గోనెలో ఉల్లిపాయల్లా.
బెల్మీరో కళ్లజోడు తుడుచుకుని పైకి చదివాడు.
ఆరోసారికి దగ్గొచ్చింది.
"ఒండీనా, ఇందులో ఎవరితో మాట్లాడుతున్నావు?"

నా దగ్గర జవాబు లేదు.

అప్పుడిచ్చాడు ఫోను పక్కనుండే నోటుపుస్తకం.
ముప్పై ఏళ్ల పిలుపులు, పెన్సిల్‌తో,
అన్న మాట అన్నట్టే:

గాలికి తలుపు పడిపోయింది, పొయ్యి మీద పాలున్నాయి
తాళంచెవి సగం విరిగి లోపలే ఉండిపోయింది
నాన్న స్నానాలగదిలో గడియ పెట్టుకున్నాడు, పలకడం లేదు
తాళం మార్చాలి, ఇవాళే, ఆయన పని నుంచి రాకముందే

ఒక్కరూ 'సేవ' అనలేదు.
'నాణ్యమైన' అన్నవాళ్లు అసలే లేరు.

అడగందే అమ్మయినా పెట్టదు, సరే.
వాళ్లు ఎలా అడుగుతారో నేనెప్పుడు విన్నాను?

ఆ రాత్రి గోడలన్నీ పడగొట్టి మళ్లీ కట్టాను.
శీర్షిక వాళ్ల మాటే.
మొదటి వాక్యం జవాబు:
పొగ వస్తుంటే చదవడం ఆపండి, 112కి ఫోన్ చేయండి.
ఉపశీర్షికలు మా ఊరి మెట్లలా వేశాను,
చీకట్లో కాలికి తగిలేంత దూరంలో.
వాక్యాలు పొట్టివి.
చేతులు వణికేవాళ్లు పొడుగు వాక్యం మోయలేరు.
ఈజిప్టుని అట్టడుక్కి దింపాను.
దానికి సమాధులు అలవాటే.

ఏడు వారాలకి మొదటి పేజీ, అయిదో వరుస.
రెండో వరుసలో టోపీ అంచు మనవడు.
దానికి బెల్మీరో తిట్టిన తిట్టు ఇక్కడ రాయను.

ఆ నాలుగో మాట దగ్గర మాత్రం
చాలా రోజులు ఆగిపోయాను.
నెలకి పదకొండు మందే వెతుకుతారు దాన్ని,
ఎక్కువగా పట్టపగలు,
అరనిమిషం చదివి మూసేస్తారు.
ఏం రాయాలని అడిగితే
ఆయన రంపం పెట్టిన ఇత్తడి పొడి ఊదుతూ అన్నాడు:
"గంటలో వస్తానని రాయి.
బండి మీద పేరుండదని రాయి.
డబ్బు తర్వాతని కూడా."

అదే రాశాను, ఆ వరసలోనే.
మూడు వాక్యాలు. కింద నంబరు.
ఇంత పొట్టిది పైకి రాదని నాకు తెలుసు,
ఆయనకి చెప్పాను కూడా.

బండి తలుపుకి అయస్కాంతంతో అతికించే
ఇంకో తేనెటీగ ఉంది మాకు, పసుపుది, కొత్తది.
ఇవాళ మధ్యాహ్నం చూస్తే
అది బీరువాకి అంటుకుని ఉంది.
బయట బండి లేదు.
ఆయన సూపు మీద మూత పెట్టాను.