చల్లారేదాకా

ఒరూరోలో ఉదయం ఏడు. గడ్డి మీద మంచు ఇంకా గాజుపెంకులే.
నికనోరా టైర్లు చూడలేదు, రంగు చూడలేదు,
వస్తూనే బానెట్ మీద అరచెయ్యి ఆనించింది
జ్వరం చూసే మనిషిలా.
"వెచ్చగా ఉంది" అంది.
ఎలియోదొరో ఆకాశంలోకి చూశాడు.

కినోవా బస్తాలకి పికప్ వెతుక్కుంటున్నవాణ్ణి నేను.
రెండేళ్ళ పంట డబ్బు, లోపలి జేబులో పెట్టి
జేబు మూతి కుట్టేసుకుని మరీ వచ్చాను.
ఆ వెచ్చదనం నాకు శుభశకునంలా తోచింది.
"పొద్దున్నే వేడి చేసి తెచ్చాడంటే
చలిలో ఎలా లేస్తుందో నీకు చూపించడం ఇష్టంలేదు.
చల్లారనీ" అని
బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుంది.

మూడు గంటలు.
ఎదురు కొట్లో ఊదారంగు మొక్కజొన్న జావ తాగాం.
ఎలియోదొరో గ్లాసుతో చేతులు కాచుకున్నాడే గాని
ఒక్క గుటక వెయ్యలేదు.

ఆమె బండి కిందికి దూరింది.
పాదాలొక్కటే బయట, రెండు మేజోళ్ళు రెండు రంగులు.
ఛాసిస్‌ని స్క్రూడ్రైవర్‌తో గీకి
ఆ ఎర్రటి పొడి నాలిక చివర వేసుకుందట,
ఉమ్మేసిన చప్పుడు విన్నాను.
"ఉప్పు లేదు. ఉయుని వైపు తిరిగిన బండి కాదు.
ఇది వానతుప్పు. చర్మం దాకే.
ఉప్పుతుప్పయితే మూలుగ తినేదాకా చెప్పదు."
తర్వాత ఇరుసు పట్టుకుని ఊపింది.
టక్.
మళ్ళీ ఊపింది. టక్.
"క్రాస్ జాయింట్. గేరు మార్చినప్పుడల్లా
ఎవరో కిందనుంచి తలుపు కొడతారు.
ఇప్పటికి మర్యాదగానే కొడుతున్నారు."

ఇంజన్ తళతళా కడిగి ఉంది, పెళ్ళిచూపుల మొహంలా.
కడిగిన ఇంజన్‌ని ఆమె నమ్మదు.
నూనె కారిన మరక ఉంటే
ఎక్కణ్ణుంచి కారిందో మరకే చెబుతుంది,
శుభ్రం ఏం చెబుతుంది?
రేడియేటర్ మూత విప్పి రబ్బరు నొక్కితే పొడిపొడిగా రాలింది.
"మన ఎత్తులో నీళ్ళకి తొందరెక్కువ, వేడెక్కకముందే మరుగుతాయి.
మూత బిగువుగా లేకపోతే సగం కొండకే ఆవిరి."
ఇది చవకే, అని వేలు చూపించింది.
నేను మనసులో ధర తగ్గించుకుంటూ కూర్చున్నాను.

పదింటికి మళ్ళీ అరచెయ్యి. ఇనుము ఇనుములా ఉంది.
"తిప్పు."
మొదటిసారి మూలిగింది. రెండోసారీ అంతే.
మూడోసారి అందుకుని, వెనకనుంచి నీలంగా దగ్గింది.
నికనోరా లెక్కపెట్టింది, పైకే.
పద్దెనిమిదికి నీలం పోయింది.
"రాత్రంతా వాల్వు సీళ్ళు దాటి జారిన నూనె.
ముసలాళ్ళ పొద్దుటి దగ్గు. దీంతో ఎవరూ చావరు."
యాక్సిలరేటర్ తొక్కించింది.
నల్లగా, చిక్కగా, గోడ మీద మసి పట్టేంత పొగ.

ఎలియోదొరో భుజాలు దిగిపోయాయి.
"మా యాపకానీలో ఇలా లేదమ్మా.
కొండెక్కినప్పణ్ణుంచే. ఇంజన్ లోపల కుళ్ళిందన్నారు.
అందుకే... వేడి చేసి..."
"యాపకానీనా? కింద అడివి పక్కనా?"
ఆమె నవ్వు నేను అదే మొదటిసారి వినడం, బొంగురుగా ఉంది.
"అక్కడ గాలి చిక్కన. ఇక్కడ పలచన.
పెట్రోలు మాత్రం ఇది కిందిలెక్కనే పోస్తోంది,
సగంమంది వెళ్ళిపోయినా
అందరికీ వండుతున్న ఇల్లాలిలా.
కార్బ్యురేటర్‌లో చిన్న జెట్ వేయించు.
మొక్కజొన్న గింజంత ఇత్తడి. అంతే.
రోగం కాదయ్యా ఇది, ఊరు మారడం."

అతను బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.
సొట్టపడ్డ తలుపు దగ్గర ఆగి, దాన్ని చేత్తో రాశాడు.
తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.
"అమ్మను" అన్నాడు, నా వైపు చూడకుండా.

నికనోరా చేతులు గుడ్డకి తుడిచి నా ముందు చాపింది.
"ముప్పై."
బండి ఆయనది కదా, అన్నాను.
"అడిగింది నువ్వు కదా."
ఆ గుడ్డ ముక్కలోంచే ఒక బ్లేడు తీసి ఇచ్చింది,
జేబు కుట్టు విప్పుకోవడానికి.

నేను నోట్లు లెక్కపెడుతుంటే వీధి చివర
పొగలో అతను కనబడటం మానేశాడు.
క్రాస్ జాయింట్ మాట విన్నాడో లేదో.
గేరు మారింది.
టక్.