సంజాయిషీ

స్టేషన్ మేనేజరు గారికి,
కాశీబుగ్గ ఎరువుల కొట్టు మీది గదిలో
పగటి పాటలు వేసే గేదెల తవిటమ్మ రాసుకున్నది.

మొదటి మెమో పాట వేసినందుకు.
ఇది, వెయ్యనందుకు.

ఆ రికార్డు ఎవరిదో నాకూ సరిగా తెలీదు.
బరంపురం కుర్రాళ్ల బ్యాండు అన్నారు.
మాటలు సగం ఒడియా, సగం ఇంగ్లీషు,
మిగతాదంతా డ్రమ్ము.
పురుగుమందుల సలహాకీ పాలధరలకీ మధ్య
మూడు నిమిషాల నలభై సెకన్లు.
కమిటీ పెద్దలు "భజనల టైములో భూతాలా" అన్నారు.
దానికే మీటింగు, దానికే సంతకాలు,
మీరు ఒకరోజు జీతం కోశారు.

ఆ సాయంత్రమే ఫోను.
జీడిపిక్కల ఫ్యాక్టరీ నుంచి పైల ఎర్రమ్మ:
"ఓలమ్మా, ఆ పాటేటో మాకు తెల్దు గానీ
కాలు దానంతటదే తొక్కీసినాది.
రేపూ ఎయ్యి."

పాట మోగినంతసేపూ
పెడలు మీద కాళ్ళు పరిగెడుతున్నాయని
లెక్క కట్టింది మాత్రం ఎర్రమ్మ కాదు,
ఆమె షావుకారు.
మర్నాడే ప్రకటన డబ్బు కట్టి
గంటకోసారి అదే పాట కోరాడు.
భూతాలన్న పెద్దలే
"కుర్రకారు కూడా వినాలి కదా" అన్నారు.
నేనూ వేశాను. పన్నెండు రోజులు.

పదమూడో రోజు ఎర్రమ్మ మెట్లెక్కి వచ్చింది.
వేళ్ళు చూపించలేదు, నేనే చూశాను:
జీడి చమురు తినేసిన చోట
కొత్త చర్మం రావడానికి తీరిక లేదు.
కూర్చోమంటే కూర్చోలేదు.
"పాట మంచిదేనమ్మా.
అది పరిగెడితే పిక్క బద్దలైపోతంది,
బద్దకి కూలి కోసీస్తన్నాడు.
ఏదైనా నీరసం పాటుంటే ఎయ్యి తల్లీ."

సార్, అలమరా అంతా వెతికాను.
నీరసం పాట అని అట్ట మీద ఎవరూ రాయరు.
చివరికి మైకు తెరిచిపెట్టి
కిటికీ రెక్క తీశాను.
మూడు నిమిషాల నలభై సెకన్లు
గాల్లోకి వెళ్ళింది కాశీబుగ్గ:
గేరు మారని లారీ,
పలాస స్టేషన్లో ఆలస్యమైన రైలుకి
మూడు భాషల్లో చింత,
ఎవరో దగ్గు, బహుశా నాదే.

పాట వెయ్యకపోవడం నిజం.
ప్రకటన పోవడం నిజం.
పాట మీద నాకు కోపం లేదు,
గిన్నెలు తోముతూ ఇప్పటికీ పాడుకుంటాను
ఆ ఇంగ్లీషు సగం నోరు తిరక్కపోయినా.

కిటికీ తెరిచిన రోజు
ఫోను చేసింది ఒక్కరే.
ఇంతకీ రైలు ఎంత లేటు, అని.

ఇట్లు, తవిటమ్మ.
జతపరిచినది: డిస్కు ఒకటి. గీతలు లేవు.