పేరు గడి

పొద్దున్న ఎనిమిదికి, మధ్యాన్నం ఒంటిగంటకి, పొద్దుగూకి ఆరింటికి
వంతెన కింద తెల్ల స్కేలు మీద
నీళ్లు ఎందాకా వచ్చాయో చూసి రాస్తాను.
నాన్న పోయాక నాకిచ్చిన పని.
లెక్క తెలుగులో పెట్టుకుంటాను, అంకె ఒడియాలో వేస్తాను.
పైన ఒక గడి మాత్రం పదకొండేళ్లుగా వదిలేస్తున్నాను:
నొదీరొ నామొ.

కాశీనగరం ఆఫీసు నుంచి పాణిగ్రాహి బాబు ఫోను.
కొత్త వంతెనకి బోర్డు రాయించాలట.
"రోజూ కొలిచేదానివి, నీకే తెలీదంటే ఎలా జగదాంబా?"

నాకు తెలిసింది గెడ్డ.
గెడ్డకెళ్లొచ్చావా, గెడ్డ పొంగిందా, గెడ్డవతల సంబంధం.
ఇంట్లో పిల్లిని పిల్లి అన్నట్టే.

సెలవు పెట్టి ఎగువకి నడిచాను.

చెరకు మళ్ల దగ్గర దాలినాయుడు దీన్ని అప్పుల గెడ్డ అన్నాడు.
ఏటా భాద్రపదంలో తన గట్టు ఒక మూర కోసి
అవతల కైబల్య సాహు మడిలో వేస్తుందట.
"మరి మా తాత పొలం ఎవడు తిన్నాడు?"
అటు గట్టు నుంచి కైబల్య అరిచాడు,
తెలుగులోనే, తిట్టుకి వీలుగా ఉంటుందని.
ఇద్దరికీ నడుమ, మోకాలి లోతు నీళ్లలో, సరిహద్దు రాయి.
ముప్పై ఆరులో గెడ్డని చూసి పాతారు దాన్ని.
రాయి ఉంది.
గెడ్డ జరిగింది.
ఇప్పుడు రాయి మీద నీటికాకి ఒకటి రెక్కలారబెట్టుకుంటోంది,
ఒక రెక్క ఆంధ్రాలో.

జీడితోటలు దాటాక అసలు ఏరే లేదు.
రెండు ఫర్లాంగులు వట్టి బండలు.
చెవి ఆనిస్తే కింద గొణుగుడు,
పక్కగదిలో పెద్దవాళ్లు డబ్బు సంగతి మాట్లాడుకుంటున్నట్టు.
మేకల కుర్రాడు లుచా నాళ అన్నాడు, దాక్కునేది అని.
వాళ్ల పెదనాన్న దొంగ గెడ్డ అంటాడట.
దాక్కున్నదల్లా దొంగేనా అని అడిగితే
వాడు మేకల్ని లెక్కపెట్టుకున్నాడు.

ఊట దగ్గర సవరల ఊరు, పట్టుమని పది గడపలు లేవు.
గురుబారి అల్లం తవ్వుతోంది,
సాగిన చెవితమ్మెలు వంగినప్పుడల్లా బుగ్గల్ని తాకుతున్నాయి.
నా ప్రశ్నని ఆమె కోడలు సవరలోకి మార్చింది.
జవాబు తెలుగులోకి వచ్చేసరికి
ముసలమ్మ నవ్విన నవ్వు దార్లో ఎక్కడో జారిపోయింది.

"మాకు పిల్ల పుడితే పోయినోల్ల పేరే పెడతాం.
పోయినోల్లు అడుగుతారు. పిల్ల ఏడుస్తాది. అప్పుడు తెలుస్తాది.
దీనికన్నా ముందు పోయిన ఏరు ఏటో సెప్పు,
ఆ పేరెట్టేద్దాం."

కొండ దిగుతూ దిగుతూ ఆగిపోయాను.
పోయిన ఏరు ఉంది.
మా ఊరి వెనక వంకర పల్లం.
పిల్లలు క్రికెట్టాడతారు, వికెట్లు పాతితే ఆలిచిప్పలు పైకొస్తాయి.
నేను పుట్టకముందు ఒక వరద రాత్రి
గెడ్డ అక్కణ్ణించి లేచొచ్చి ఇక్కడ పడుకుందట.
దానికి పేరుండేది. నాన్న మొదటి పుస్తకంలో, ఆ గడిలోనే,
నీలం సిరాతో.

ట్రంకుపెట్టె దింపి చూశాను.
పెంకుల్లోంచి వాన కారి ముందు అక్షరాలు మేఘమైపోయాయి.
చివర "వతి" మిగిలింది.
ముసలాళ్లు ముగ్గుర్ని అడిగితే మూడు పేర్లు చెప్పారు.
ఒకటి చెప్పినాయన మేనత్తదని తర్వాత తెలిసింది.

నిన్న లారీలో బోర్డు దిగింది, పసుపు మీద నలుపు.
మూడు లిపుల్లోనూ ఒకటే మాట:
చిన్న వంతెన, నంబరు పద్నాలుగు బై రెండు.
పాణిగ్రాహి బాబుకి బిల్లు పెట్టే తారీఖు ముంచుకొచ్చినట్టుంది.

సాయంత్రం ఆరు.
సున్నా పాయింటు నాలుగు రెండు.
గడిలో "వతి" అని రాశాను,
ముందు రెండు మూడక్షరాల చోటు వదిలి.
స్కేలు చుట్టూ నీళ్లు సన్నగా ఏడుపందుకున్నాయి.
పుస్తకం మూసి వింటూ నిలబడ్డాను,
ఆరూ పది దాకా.